కూలెంట్ మెల్లమెల్లగ తగ్గుతున్నదా? లీకును మనమే పట్టుకుని బాగుచేసుకునుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగాల చెప్తున్న, నేను మెకానిక్‌ను కాదు. హనుమకొండల ఉంటున్న, పదకొండేండ్ల పాత చిన్న పెట్రోల్ కారు నడుపుతున్న, ఆదివారం పొద్దున బోనెట్ లేపి చేతులు నల్లగ చేసుకునుడు నాకు అలవాటు. రెండేండ్ల కింద నా బండిల కూలెంట్ (ఇంజన్‌ను చల్లగ ఉంచే ద్రవం) తగ్గుడు మొదలైంది, నెలకు దగ్గర దగ్గర అర లీటరు, కింద చూస్తే ఒక్క చుక్క లేదు. ఒక షెడ్డుకు తీస్కపోతే సరిగ్గ వంగి కూడ చూడలే, రేడియేటర్ (కూలెంట్ వేడిని గాలికి వదిలే జాలి) మార్చాలె అన్నరు. ఇంటికి తెచ్చుకుని నేనే వెతికిన, మూడు వారాలు పట్టింది కానీ దొరికింది, ఒక హోస్ (రబ్బరు పైపు), రెండు క్లిప్పులు, ఒక డబ్బా కూలెంట్‌తోని పని అయిపోయింది. అప్పటి సంది చుట్టాలు, ఆఫీసోళ్ళు, మా గల్లీ పోరగాండ్లు అడిగిందే అడుగుతున్నరు, అందుకే అన్నీ ఒక్కతాన రాస్తున్న.

బోనెట్ కింద ఉండే కూలెంట్ డబ్బాల లెవెల్ జర తగ్గినట్టు కనబడుతున్నది, ఇది లీకేనా?

ఎప్పుడు చూసినవ్ అన్నది ముఖ్యం. ఇంజన్ వేడి మీద ఉంటే కూలెంట్ ఉబ్బి లెవెల్ పైకి వస్తది, చల్లారితే కిందికి దిగుతది. ఒకరోజు బజారుకు పోయొచ్చినంక చూసి, ఇంకోరోజు పొద్దుగాల లేవంగనే చూసి, అయ్యో తగ్గింది అంటే లెక్క కుదరదు. రాత్రంత బండి ఆగి ఉండాలె, జాగ సాపుగ ఉండాలె, రోజూ అదే జాగ అయితే ఇంకా మంచిది. మినిమం, మాక్సిమం అని రెండు గీతలుంటయి, మధ్యల ఉంటే సరిపోతది, మాక్సిమం దాకా ఉండాలని లేదు.

నేను ఏం చేసిన అంటే, మా ఇంటామె గోళ్ళరంగు తీస్కుని లెవెల్ ఎక్కడుందో అక్కడ డబ్బా మీద సన్నగ గీత పెట్టిన, పక్కన కాగితం టేపు అతికిచ్చి తారీఖు, కిలోమీటర్లు రాసిన. (గోళ్ళరంగు సీసా గురించి ఇంట్ల లొల్లి అయింది, అది వేరే ముచ్చట.) వారానికి ఒకసారి చూసిన. ఏడాదికి వేలు మందంలో సగం తగ్గితే పట్టించుకోవద్దు. నెల నెల గీత కిందికి జారుతుంటే మాత్రం ఎక్కడో పోతున్నట్టే, ఎందుకంటే ఇది మూసి ఉన్న సిస్టం, పెట్రోల్ లెక్క ఖర్చయ్యేది కాదు.

కింద చుక్క పడ్తలేదు కదా, మరి ఎటు పోతున్నది?

అందరు ఇక్కడనే మోసపోతరు, నేను కూడ మోసపోయిన. కూలెంట్ అంటే ఇథిలీన్ గ్లైకాల్ అనే మందు, నీళ్ళు, తుప్పు పట్టకుండ కొన్ని కెమికల్స్ కలిపింది. ఇంజన్ నడిచేటప్పుడు అది 90 డిగ్రీల దగ్గర ఉంటది, పైన ప్రెషర్. సన్న కంత నుంచి ఒక్కో చుక్క బయటికి వస్తే కాలుతున్న ఇనుము మీద పడంగనే నీళ్ళు ఆవిరైపోతయి, కిందిదాకా చేరేదే లేదు. అక్కడ మిగిలేది మరక. ఆకుపచ్చదో గులాబీ రంగుదో తెల్లటిదో ఉప్పు పేరుకున్నట్టు ఉంటది, మన బోరు నల్లా మూతికి పట్టే తెల్ల పొక్కు లెక్క. మనం వెతకాల్సింది తడి కాదు, ఆ పొక్కు.

ఇంకోటి, చాలా బండ్లకు ఇంజన్ కింద ప్లాస్టిక్ ప్లేటు ఉంటది, చుక్కలన్నీ దాని మీద పడి అక్కడనే ఎండుతయి. ఇంకా కారు లోపల హీటర్ పెట్టె (అందుల కూడ కూలెంటే తిరుగుతది) లీకైతే కార్పెట్ కిందికి పోతది. అన్నిటికంటే పాడుది ఇంజన్ లోపలికే పోవుడు, దాని గురించి కింద రాసిన.

కింద నీళ్ళు పడ్తున్నయి, ఏసీవా కూలెంటా?

ఎండకాలం ఈ ఫోన్లు మస్తు వస్తయి నాకు. ఏసీ నీళ్ళయితే తేట నీళ్ళు, వాసన ఉండదు, జిగట ఉండదు, ఎక్కువగ ముందు సీటు కాళ్ళ కింది భాగంల పడుతయి, ఏసీ బందు చేసినంక కొద్దిసేపటికి ఆగిపోతయి. కూలెంట్ అయితే రంగు ఉంటది, వేళ్ళ మధ్య రాస్తే సబ్బునీళ్ళ లెక్క జారుతది, తియ్యటి వాసన వస్తది. వాసన చూడుర్రి అంతే, నాలుక మీద పెట్టొద్దు, అది విషం. డౌటుంటే తెల్ల గుడ్డతోని తుడిచి చూడు.

సరే, ఎక్కడి నుంచి వెతుకుడు షురూ చేయాలె?

రెండు మాటలు ముందుగాల. ఒకటి, ఇంజన్ పూర్తిగ చల్లగ ఉన్నప్పుడే. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే లోపలున్నది ఒక్కసారి మరిగి మొకం మీదికి ఎగజిమ్ముతది, చర్మం ఊడొస్తది, ఇది ఉత్తగ భయపెట్టుడు కాదు. రెండు, రేడియేటర్ ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టేటప్పుడు తాళం చెవి తీసి జేబుల వేసుకో, కొన్ని బండ్లల ఇంజన్ ఆగినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతది.

తర్వాత ఇంజన్‌ను కడుగుర్రి, కానీ మంచిగ చూసినంకనే. మా తమ్ముడు చూసుడు మానేసి ముందుగాల కడిగిండు, ఉన్న మరకలన్నీ పోయినయి, మళ్ళ నెలరోజులు ఆగిండు. టార్చి పట్టుకుని పైనుంచి కిందికి రావాలె, ఎందుకంటే నీళ్ళు కిందికే కారుతయి, తడి కనబడ్డ జాగ కంటే లీకు ఎక్కువసార్లు పైనే ఉంటది.

నేను ఈ వరుసల చూస్త: రేడియేటర్ మూత, దాని మెడ, డబ్బా, డబ్బాకు పోయే సన్న పైపు. తర్వాత పై హోస్, కింది హోస్, వాటి రెండు కొనలకు ఉండే క్లిప్పులు. చల్లగ ఉన్నప్పుడు హోస్‌ను ఒత్తి చూడుర్రి, ఒత్తినప్పుడు పగుళ్ళు కనబడితే, లేదంటే మెత్తగ ఉడికిన వంకాయ లెక్క ఉంటే దాని పని అయిపోయింది. తర్వాత రేడియేటర్ పక్కలు. ఇప్పటి రేడియేటర్ల మధ్యల అల్యూమినియం జాలి, అటిటు ప్లాస్టిక్ ట్యాంకులు, రెండింటిని కలిపి అంచు మడిచి బిగిస్తరు. ఏండ్లు గడిస్తే ఆ మడతలోని రబ్బరు ఎండిపోయి అక్కడనే చెమట పట్టినట్టు కారుతది. తర్వాత థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) ఉండే గూడు, చాలా బండ్లల అదీ ప్లాస్టికే, పగులుతది. తర్వాత కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు. పంపు కింద చిన్న రంధ్రం ఉంటది, లోపల సీలు పోతే తెలవాలనే ఆ రంధ్రం పెట్టిండ్రు, అక్కడ మరక చార లెక్క కిందికి కారి ఉంటే పంపు మార్చాలె, ఆ రంధ్రానికి ఎం-సీల్ పెట్టి మూసినోళ్ళను కూడ చూసిన నేను.

ఇక నా బండి సంగతి. పైవన్నీ చూసిన, అన్నీ ఎండుగనే ఉన్నయి. రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచిన, నాలుగు మూలలకు రాళ్ళు పెట్టి, ఏ పేపర్ ఏ జాగ కిందనో పెన్నుతోని రాసి. రెండు రాత్రులు ఏం లేదు. మూడో రోజు పొద్దున గేర్ బాక్స్ కింద పేపర్ మీద పావలా బిళ్ళంత మరక, అంచుకు పచ్చగ. గేర్ బాక్సుల కూలెంట్ ఉండదు కదా, మరి పైనుంచి వచ్చినట్టే. సెల్‌ఫోన్ కెమెరా వీడియోల పెట్టి, లైటు వేసి, చెయ్యి పట్టనంత సందులకు పంపిన. వీడియో చూస్తే ఇంజన్ వెనక, హీటర్ హోస్ కారు లోపలికి దూరే కాడ, క్లిప్పు కింద పచ్చటి పొక్కు పెసరబేడ అంత మందం పేరుకుని ఉన్నది. అక్కడి నుంచి గేర్ బాక్స్ మీదికి చార. రేడియేటర్‌కు అది రెండడుగుల దూరం. అద్దం ముక్క, దానికి పుల్ల కట్టుకున్నా పని అయితది, ఫోన్ ఉంటే ఇంకా మంచిది.

ఎనుమాముల మార్కెట్ దిక్కు, బియ్యం గోదాముల పక్కన బండి పెట్టేటోళ్ళు ఎలుక పండ్ల గాట్లు కూడ చూసుకోవాలె, వైర్లతోని పాటు సన్న రబ్బరు పైపులను కూడ కొరుకుతయి.

డబ్బాల ఫుల్ ఉన్నది, అయినా టెంపరేచర్ ముల్లు పైకి లేస్తున్నది, ఎట్ల?

డబ్బాను నమ్మొద్దు. బండ్లల రెండు రకాలున్నయి. ఒక రకంల డబ్బాకే ప్రెషర్ మూత ఉంటది, అందులున్నదే అసలు లెవెల్. ఇంకో రకంల రేడియేటర్ మీద మూత ఉంటది, పక్క డబ్బా ఉత్త గిన్నె మాత్రమే: వేడెక్కితే ఎక్కువైంది డబ్బాలకు పోతది, చల్లారేటప్పుడు మళ్ళ గుంజుకుంటది. సన్న లీకు ఉంటే చల్లారేటప్పుడు డబ్బాల నుంచి గుంజే బదులు ఆ కంత నుంచి గాలి గుంజుకుంటది. డబ్బా నిండుగనే కనబడుతది, రేడియేటర్ మాత్రం సగం ఖాళీ. అందుకే పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు రేడియేటర్ మూతనే తీసి లోపల చూడాలె, మెడ దాకా ఉండాలె.

ఇంకో విచిత్రం, కూలెంట్ బాగ తగ్గిపోతే ముల్లు పైకి లేవకుండ కిందికి కూడ పడొచ్చు. సెన్సార్ గాలిల తేలుతుంటే దానికి వేడి సరిగ తెలవదు. ముల్లు ఎగుడుదిగుడు ఆడితే కూడ మూత తీసి చూడుర్రి.

మూత వల్ల కూడ లీకు అయితదా?

అయితది, అన్నిటికంటే తక్కువ ఖర్చుతోని పోయే రోగం ఇదే. మూత అంటే ఉత్త మూత కాదు, లోపల రెండు వాల్వులుంటయి. ఒకటి ప్రెషర్ పట్టుకుంటది, మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటది, అది బార్ లెక్క (బార్ అంటే ప్రెషర్ కొలత). మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతయి, మీద 1 బార్ ప్రెషర్ పెడితే 120 దాకా మరగవు, ప్రెషర్ కుక్కర్ల పప్పు తొందరగ ఉడుకుడు గిదే లెక్క. మూత రబ్బరు ఎండి ప్రెషర్ పట్టకపోతే కూలెంట్ ముందుగాలనే మరిగి డబ్బా మీదికెళ్ళి పొర్లిపోతది. రెండో వాల్వు చల్లారేటప్పుడు వెనక్కి గుంజుకునేది, అది పట్టేస్తే చల్లారినంక పై హోస్ చపాతీ లెక్క అణిగిపోయి కనబడుతది. కొత్తది కొనేటప్పుడు పాత దాని మీద ఉన్న నంబరే తీస్కో, ఎక్కువ ప్రెషర్‌ది పెడితే బలం అనుకోకు, ఆ ప్రెషర్ పాత హోస్‌ల మీద పడుతది.

పొద్దుగాల చుక్కలుంటయి, బండి నడిచి వచ్చినంక ఉండయి. ఇదేం లీకు?

చల్లటి లీకు. మాఘమాసం చలికి రబ్బరు, ఇనుము ముడుచుకుంటయి, క్లిప్పు లూజయితది, వేడెక్కంగనే ఉబ్బి పట్టుకుంటది. క్లిప్పు జర బిగిస్తే చాలాసార్లు పోతది. బలం ఉన్నది కదా అని గట్టిగ తిప్పొద్దు, కింద ప్లాస్టిక్ మెడ పగిలితే క్లిప్పు పని కాస్త రేడియేటర్ పని అయితది. స్ప్రింగు క్లిప్పులుంటే వాటిని తీసిపారేసి స్క్రూ క్లిప్పులు పెడుతరు కొంతమంది, నాకైతే అది నచ్చదు, స్ప్రింగుది వేడికి చలికి దానంతటదే సర్దుకుంటది.

ఎంత వెతికినా దొరుకుతలేదు, ఇంకేం దారి?

ప్రెషర్ పంపు. సైకిల్ పంపు లెక్కనే ఉంటది, మీటరు ఉంటది, రేడియేటర్ మూత జాగల బిగించి చల్లటి ఇంజన్ మీదనే గాలి కొట్టాలె. మూత మీద ఎంత రాసి ఉన్నదో అంతే, దాటొద్దు. పదిహేను నిమిషాలు చూడాలె, మీటరు ముల్లు దిగితే లీకున్నట్టు, అప్పుడు తీరిగ్గ టార్చి పట్టుకుని వెతకొచ్చు, ఏదీ వేడిగ ఉండదు, ఏదీ తిరగదు. రేడియేటర్ పనిచేసే దుకాణాలల్ల ఇది ఉంటది, ఇంత ఇస్తమంటే అక్కడనే కొట్టి చూపిస్తరు. ఇంట్ల సైకిల్ ట్యూబు వాల్వుతోని తయారుచేసినోళ్ళున్నరు, మీటరు లేకుండ ఆ పని చేయకుర్రి.

ఇంకోటి యూవీ రంగు. కూలెంట్‌ల కొంచెం పోసి వారం తిరగాలె, రాత్రి చీకట్ల యూవీ టార్చి కొడితే లీకు కాడ మిణుగురు లెక్క పచ్చగ మెరుస్తది. సన్న లీకులకు మస్తు పనిచేస్తది.

హెడ్ గ్యాస్కెట్ పోయిందని భయపెడుతున్నరు, మనం ఎట్ల తెలుసుకునుడు?

హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ బ్లాకుకు, దాని మీది హెడ్డుకు నడుమ ఉండే సీలు. బయట ఎక్కడా మరక లేదు, కార్పెట్ తడి లేదు, ప్రెషర్ మాత్రం దిగుతున్నది, గట్లయితే అనుమానించాలె. ఇవి చూడుర్రి: చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలనే పై హోస్ రాయి లెక్క గట్టిగ అయితదా, మూత తీసి చల్లగ స్టార్ట్ చేస్తే మెడ దగ్గర బుడగలు ఆగకుండ వస్తున్నయా, ఇంజన్ వేడెక్కినంక కూడ సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతోని తెల్ల పొగ వస్తున్నదా, డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ చూసే కడ్డీ) మీద ఆయిల్ పాల చాయ లెక్క అయిందా.

జర ఆగుర్రి, తొందరపడి ఏడ్వొద్దు. చలికాలం పొద్దున సైలెన్సర్ల నుంచి తెల్ల ఆవిరి, నీళ్ళ చుక్కలు అన్ని బండ్లకు వస్తయి, కొద్ది నిమిషాల్ల పోతయి. ఆయిల్ మూత కింద మీగడ లెక్క ఉన్నా అది దగ్గర దగ్గర తిరిగే బండ్లకు తేమ వల్ల వస్తది, డిప్‌స్టిక్ మంచిగ ఉంటే భయం లేదు. పక్కా తేల్చాలంటే నీలం ద్రవంతోని ఒక టెస్టు ఉన్నది, రేడియేటర్ మెడ మీద పెట్టి అక్కడి గాలిని ఆ ద్రవంలకెళ్ళి గుంజుతరు, ఇంజన్ల మండిన పొగ కలిసి ఉంటే నీలం పోయి పసుపు రంగు వస్తది. అది వచ్చిందంటే ఇంట్ల చేసే పని కాదు, హెడ్డు విప్పాలె, లేతు మిషన్ షాపుల చూపించాలె. అప్పటిదాకా బండి నడపకుండ ఉండుడే మంచిది.

రేడియేటర్ల పసుపు వేస్తే లీకు ఆగుతదట కదా?

లారీ డ్రైవర్లు చేసే పని ఇది, అడవి మధ్యల ఆగిపోతే ఊరు చేరనీకి పనికొస్తది, ఆగుతది కూడ. కానీ పసుపుకు లీకు కంత ఒక్కటే తెలుసా? సన్న జాలి గొట్టాలల్ల, హీటర్ల కూడ పోయి పేరుకుంటది. డబ్బాలల్ల అమ్మే లీకు ఆపే మందుల సంగతి కూడ ఇంతే. తప్పని పరిస్థితిల వేస్తే ఊరు చేరినంక మొత్తం కడగాలె. మంచిగున్న బండిల ముందు జాగ్రత్త అని వేసేటోళ్ళకు దండం.

హోస్ నేనే మార్చొచ్చా?

చేతికి అందే హోస్ అయితే మార్చొచ్చు. పక్కడ్, స్క్రూ డ్రైవర్, చాకు, వెడల్పు తొట్టి, పాత గుడ్డలు ఉంటే చాలు. బండి చల్లగ ఉండాలె, మూత తీసి పెట్టాలె, కింద తొట్టి పెట్టి కూలెంట్ దింపాలె, చిన్న కార్లల్ల నాలుగైదు లీటర్లు ఉంటది. శుభ్రంగ ఉండి కొత్తదైతే వడగట్టి మళ్ళ పోసుకోవచ్చు, పాతదైతే ఎట్లాగు మార్చే టైమే అనుకో.

పాత హోస్ మెడకు అతుక్కుని ఉంటది. గుంజితే రాదు, గుంజొద్దు కూడ, ముఖ్యంగ రేడియేటర్, హీటర్ మెడలు సున్నితం. చాకుతోని హోస్‌ను పొడుగ్గ చీరి అరటితొక్క తీసినట్టు తీయాలె, చాకు మెడకు గీసుకోకుండ. నా హీటర్ హోస్ గట్లనే తీసిన, కింద మెడ మీద పాత పొక్కు చెక్కు కట్టి ఉన్నది, కొత్త క్లిప్పు వేసినా అందుకే ఆగకపోవునేమో. సన్న గరుకు కాగితంతోని నున్నగ అయ్యేదాకా రాసిన, వేలు పెట్టి చుట్టూ తడిమి చూసిన, తడి గుడ్డతోని తుడిచిన.

కొత్త హోస్ ఎక్కియ్యనీకి గ్రీజు, ఆయిల్ రాయొద్దు, రబ్బరు ఉబ్బి పాడైతది. కొంచెం కూలెంట్ రాస్తే జారిపోతది. ముందుగాలనే క్లిప్పు హోస్‌కు తొడగాలె (నేను మర్చిపోయి మళ్ళ తీసిన), మెడ మీద ఉబ్బెత్తు గీత ఉంటది, హోస్ దాన్ని దాటి పోవాలె, క్లిప్పు ఆ గీతకు వెనక కూసోవాలె, గీత మీద కాదు. కొనేటప్పుడు పాత ముక్కను చేతుల పట్టుకుపోవాలె, వంపు సరిపోవాలె, తిన్నగ ఉన్న హోస్‌ను బలవంతంగ వంచితే మడత పడి లోపల దారి మూసుకపోతది.

రేడియేటర్ ప్లాస్టిక్ పగిలింది, ఎం-సీల్ పెడితే నిలుస్తదా?

నిలవదు. రెండు రోజులు నిలుస్తది, ఎండల మూడో రోజు ఊడుతది, అదీ ఊరికి దూరం ఉన్నప్పుడే. పాత ఇత్తడి, రాగి రేడియేటర్లకు టాకా వేసేటోళ్ళు, అది నిలిచేది. ఇప్పటి ప్లాస్టిక్, అల్యూమినియం వాటికి ఆ టాకా అతకదు. మార్చుడే. డబ్బా పగిలినా కొత్త డబ్బానే కొను.

టాపప్ చేయనీకి మా బోరు నీళ్ళు పోస్తే ఏమయితది?

మా ఇంట్ల గీజర్ రాడ్డు ఏడాదిల సున్నం పట్టి తెల్లగ అయితది, అదే నీళ్ళు ఇంజన్ల పోస్తే అదే సున్నం రేడియేటర్ సన్న గొట్టాలల్ల పడుతది. బ్యాటరీ దుకాణంల డిస్టిల్డ్ నీళ్ళ క్యాన్ దొరుకుతది, ఖరీదు కూడ ఏం ఉండదు, డిక్కిల ఒకటి పడేసుకోవాలె. దారి మధ్యల ఏమీ లేకపోతే ఏ నీళ్ళయినా పోసి ఇంటికి రా, తర్వాత మార్చు.

కానీ ఉత్త నీళ్ళతోనే కాలం గడపొద్దు. సగం సగం కలిపితే గడ్డకట్టుడు మైనస్ 37 డిగ్రీల దాకా పోతది, అది మన దిక్కు దేనికి పనికిరాదు నిజమే, కానీ మరిగే వేడి పెరుగుతది, తుప్పు పట్టదు, పంపు సీలు కాపాడుతది. రోజూ నీళ్ళు పోసుకుంట పోతే కూలెంట్ పలచన అయి లోపలికెళ్ళి తుప్పు మొదలయితది, ఒక లీకు కాస్త మూడు లీకులయితయి. డబ్బా మీద ప్రీమిక్స్ అని ఉంటే నీళ్ళు కలపొద్దు, కాన్సంట్రేట్ అని ఉంటే ఎంత కలపాలెనో డబ్బా మీదనే ఉంటది.

ఆకుపచ్చ ఉన్నది, గులాబీది పోస్తే నడుస్తదా?

రంగు కంపెనీ కలిపే రంగే, రంగు ఒకటే అయితే మందు ఒకటే అని గ్యారంటీ లేదు, రంగు వేరైతే మందు వేరు అని కూడ లేదు. పడని రకాలు కలిస్తే లోపల జావ లెక్క గడ్డకట్టొచ్చు. బండి పుస్తకంల ఏ రకం రాసి ఉంటే అది. ఏం పోసి ఉన్నదో తెల్వకపోతే మొత్తం దింపి, డిస్టిల్డ్ నీళ్ళతోని కడిగి కొత్తది పోసుడు నయం.

హోస్ మార్చి కూలెంట్ పోసిన, అయినా వేడెక్కుతున్నది?

లోపల గాలి ఇరుక్కుంది. కూలెంట్‌ను మెల్లగ, సన్న ధారగ పోయాలె. బండి ముందుభాగం ఎత్తు మీద ఉండేటట్టు పెట్టు, మా ఇంటి ముందు ర్యాంపు దీనికి మంచిగ పనికొచ్చింది. చల్లటి ఇంజన్‌ను మూత తీసే స్టార్ట్ చేయి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టు, హోస్‌లను చేతితోని ఒత్తుతుంటే బుడుబుడుమని గాలి పైకి వస్తది, లెవెల్ దిగుతది, మళ్ళ పోయి. పొర్లేటట్టు అనిపిస్తే మూత పెట్టెయ్. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, పూర్తిగ చల్లార్చి మళ్ళ లెవెల్ చూడాలె. హీటర్ల నుంచి వేడి గాలి వస్తలేదంటే ఇంకా గాలి ఉన్నట్టే. కొన్ని ఇంజన్లకు గాలి తీసే స్క్రూ ఉంటది, ఉంటే సగం పని తప్పుతది. తర్వాత వారం రోజులు రోజూ పొద్దున చూడుర్రి, గోళ్ళరంగు గీత మళ్ళ పెట్టుకుని.

దారి మధ్యల ముల్లు ఎర్ర గీత దాకా పోతే?

నాకు మేడారం జాతర టైముల అయింది ఇది, లీకు దొరకకముందు. పస్రా దాటినంక బండ్లు అడుగు అడుగు జరుగుతున్నయి, రేడియేటర్‌కు గాలి లేదు, ముల్లు లేచింది. ఏసీ బందు చేసి హీటర్ ఫుల్ పెట్టిన, అద్దాలు దించిన, చెమటలు కారుతున్నయి, పిల్లలు తిడుతున్నరు, కానీ ఇంజన్ వేడి కొంత లోపలికి గుంజుకుని ముల్లు ఆగింది, పక్కకు తీసేదాకా టైం దొరికింది. తర్వాత ఇంజన్ బందు చేసి, బోనెట్ లేపి, చెట్టు కింద గంటసేపు కూసున్నం. మూత ముట్టలే. ఒకాయన సీసా నీళ్ళు తెచ్చి ఇంజన్ మీద పోస్తా అన్నడు, వద్దన్న. కాలుతున్న ఇంజన్ మీదనో లోపలనో చల్లనీళ్ళు పడితే ఇనుము పగలొచ్చు, హెడ్డు వంకర పోవచ్చు. చల్లారినంక గుడ్డ కప్పి మూత మెల్లగ తిప్పి పోసుకున్నం.

ఏ పనులు మనం పెట్టుకోవద్దు?

నాకైతే టైమింగ్ బెల్టుతోని (ఇంజన్ వాల్వుల టైము నడిపే బెల్టు) తిరిగే వాటర్ పంపు, హెడ్డు పని, డ్యాష్‌బోర్డు విప్పాల్సిన హీటర్ పెట్టె, ఈ మూడు కాదు. లీకు ఎక్కడుందో మనమే చూసి, ఫోటో తీసి షెడ్డుకు పోతే అక్కడ మాట్లాడే తీరే మారిపోతది, అది మాత్రం అనుభవంతోని చెప్తున్న.

దింపిన పాత కూలెంట్ ఎక్కడ పారబోయాలె?

మోరీల పోయొద్దు, మట్టిల పోయొద్దు. తియ్యగ ఉంటది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతయి, కొంచెం తాగినా వాటి కిడ్నీలు పోతయి, మా గల్లీ కుక్కకు నేను తొట్టి పక్కన పెట్టి లోపలికి పోయిన రెండు నిమిషాల్లనే వాసన తగిలింది, ఉరికొచ్చి తరిమిన. అందుకే దింపంగనే మూత ఉన్న క్యాన్ల పోసి మీద పెద్దగ విషం అని రాసి పిల్లలకు అందని జాగల పెట్టాలె, నీళ్ళ సీసాల మాత్రం పోయొద్దు. పాత ఇంజన్ ఆయిల్ జమచేసే పెద్ద సర్వీసు సెంటర్లల్ల అడిగితే తీసుకునేటోళ్ళుంటరు, పోయే ముందు ఫోన్ చేసి అడుగుర్రి. కింద ఒలికితే ఇసుకనో రంపపు పొట్టో చల్లి ఎత్తేసి, తర్వాత నీళ్ళతోని కడిగెయ్యాలె.